ఎక్కడికని అడిగే పెట్టె

ఆ పెట్టె మా ఇంటికి వచ్చిన రోజు నా భార్య చెంగమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. తెచ్చిన డాక్టరమ్మ వద్దనే లోపలే పని అయిపోయింది. లారీకి పెడతాం, తక్కెడకు పెడతాం, దీనికి మాత్రం ఎందుకు పెట్టకూడదని ఆమె లెక్క.

టిఫిన్ క్యారియర్లో రెండు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో, అంత ఉంటుంది. ముందు వైపు జల్లెడలాగా చిల్లులు. పైన చిన్న అద్దం, అందులో ఒక అంకె. పక్కన ఒక దీపం. రోజూ పొద్దున టీ తాగేంత సేపు నేను దానితో మాట్లాడాలి. ఏం మాట్లాడినా ఫరవాలేదు. విని, దీపం వెలిగిస్తుంది. పచ్చదైతే ఆ రోజు బండి తోలవచ్చు. ఎర్రదైతే తోలకూడదు.

వినడానికి తేలికగా ఉంది. కానీ నేను మాట్లాడే మనిషిని కాను.

నా లారీలో క్లీనరుగా ముసలివాడైపోయిన ఖాదరు మదనపల్లె మార్కెట్ యార్డులో అందరికీ చెప్పేవాడు. "మా గంగులప్పన్నతో మద్రాసు దాకా పోతే రెండే మాటలబ్బా. ఈడ 'ఎక్కు' అంటాడు, ఆడ 'దిగు' అంటాడు."

అది అబద్ధం కాదు.

జీవితమంతా టమోటా తోలాను. రాయి తగలకుండా, గుంటలో దిగకుండా, కాయ నలగకుండా తోలడం వచ్చు. ఇంకేమీ రాదు. అట్లాంటిది ఒకరోజు రాణీపేట దాటి టీ అంగడి ముందు బండి ఆపి దిగాను. గ్లాసు చేతికి తీసుకున్నది గుర్తుంది. ఆ తరువాత నేల మీద ఉన్నాను. నాలుక కరుచుకుని ఉంది. చుట్టూ జనం. ఇనుము పట్టుకుంటే మూర్ఛ దిగుతుందని ఖాదరు లారీ తాళం చెవి నా పిడికిట్లో పెట్టి, పైనుంచి తన చెయ్యి బిగించి పట్టుకుని ఏడుస్తున్నాడు.

మూర్ఛలో ఉన్నప్పుడు ఖాదరు ఇచ్చిన తాళం చెవిని తెలివి వచ్చాక ఆసుపత్రిలో డాక్టరు తీసేసుకున్నాడు. తలకు ఫోటోలు తీశారు. గడ్డలేమీ లేవన్నారు. మాత్రలు ఇచ్చారు. బండి మాత్రం తోలవద్దన్నారు.

"మళ్ళా వస్తాదా సార్?" అని చెంగమ్మ అడిగింది.

"రావచ్చు. రాకపోవచ్చు."

"ఎప్పుడు?"

ఆయన పైకి చూశాడు. అప్పటికి అదే వైద్యం.

లారీ మా ఇంటి పక్కన పట్ట కప్పుకుని నిలబడింది. ఖాదరు యార్డులో కాయలు ఏరే పనికి కుదిరాడు. పొద్దంతా వంగి మంచి కాయ ఒకవైపు, మెత్తకాయ ఒకవైపు వెయ్యాలి. సాయంత్రం వచ్చి మా అరుగు మీద నడుము పట్టుకుని కూర్చునేవాడు. ఎప్పుడు బయలుదేరదామని ఒక్కసారీ అడగలేదు. లారీ వైపు చూసి, నా వైపు చూసి, టీ తాగి వెళ్ళేవాడు. వాడు మాట్లాడకపోతే నాకు భయం వేసేది.

ఏడాది మాత్రలు మింగాక తిరుపతిలో ఎవరో డాక్టరమ్మ కొత్త యంత్రం కనిపెట్టిందని, మూర్ఛ వచ్చేముందే చెబుతుందని తెలిసింది. ఖాదరే బస్సెక్కించి తీసుకుపోయాడు.

ఆమె పేరు ప్రసూన. మా పెద్ద కూతురి వయసు ఉంటుంది. ఆమె ప్రయోగశాలలో గోడలకంతా దూది పరుపులు అంటించి ఉన్నాయి. లోపల మాట్లాడితే మన మాట మనకే కొత్తగా వినబడుతుంది. మాలాంటివాళ్ళు బెంచీ మీద వరసగా కూర్చున్నారు. బస్సు తోలేవాళ్ళు, ట్రాక్టరు తోలేవాళ్ళు, లారీవాళ్ళు. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. స్టీరింగు లేక ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియడం లేదు.

ప్రసూనమ్మ ఒక మాట వినిపించింది. ఎవరో రైతు తన ఆవు ఈనిన సంగతి చెబుతున్నాడు.

"ఈయన ఇది చెప్పిన మర్నాడు మూర్ఛ వచ్చింది. ఏమైనా తేడా తెలిసిందా?" అంది.

"కోడెదూడంట. సంతోషంగానే ఉండాడు" అన్నాడు ఖాదరు.

ఆమె నవ్వి, అదే మాటను నిదానం చేసి వినిపించింది. ఈసారి ఆవుకూ ఈనడానికీ మధ్య ఒక చిన్న సందు వినబడింది. మనిషి ఆగినట్టు లేదు. మాటే ఎక్కడికో పోయి వచ్చినట్టుంది.

"కరెంటు పోయేముందు బల్బు ఒకసారి మిణుకుమంటుంది చూడండి, అట్లాంటిది. మెదడు ముందే మిణుకుమంటుంది. మన చెవికి అందదు. ఈ పెట్టె చెవికి అందుతుంది. ఏడాదిలో మళ్ళీ వచ్చే అవకాశం నూటికి ఎంతో అంకె చూపిస్తుంది. ఈ రోజు సంగతి దీపం చెబుతుంది. అంకె ఇరవైకి లోపల ఉంటే కారు తోలవచ్చు. లారీకి, బస్సుకు మాత్రం రెండుకు లోపలే ఉండాలి."

"లారీవాళ్ళ మీద అంత కోపమెందుకమ్మా?" అన్నాడు ఖాదరు.

"లారీ పడితే కింద ఎక్కువమంది ఉంటారు, తాతా."

ఖాదరు తల దించుకున్నాడు. తాత అన్నందుకో, చెప్పిన మాటకో తెలియదు.

నేను ఒకటే అడిగాను. "ఎర్ర దీపం వెలిగితే బండికి తాళం పడుతుందా?"

"పడదు. పెట్టె చెబుతుందంతే. ఆగాల్సింది మీరే" అంది.

అట్లా ఆ పెట్టె మా ఇంటికి వచ్చింది.

మొదటి రోజు అరుగు మీద దాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. అందులో నుంచి ఒక ఆడగొంతు మర్యాదగా పలికింది. "నమస్కారం. ఈ రోజు ఎక్కడికి వెళ్తున్నారు?"

లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాను.

చాలాసేపటికి "ఎండగా ఉంది" అన్నాను.

"ఇంకొంచెం మాట్లాడండి" అంది.

"నిన్న కూడా ఎండగానే ఉంది."

"ఇంకొంచెం మాట్లాడండి."

వంటింట్లో చెంగమ్మ నవ్వు ఆపుకోలేక గిన్నె కింద పడేసింది.

అద్దంలో తొమ్మిది పడింది. మర్నాడూ తొమ్మిదే. ఆ తరువాత పది. రోజూ ఆ గొంతు అదే అడుగుతుంది, నేను ఆగిపోతాను. లేచి లోపలికి పోయి ఒక గ్లాసు నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ కూర్చుంటాను. తరువాత ఏదో ఒకటి చెబుతాను. ఏం చెప్పాలో తెలియక రోడ్లు చెప్పడం మొదలుపెట్టాను. పలమనేరు దాటాక ఎక్కడ మలుపు, ఏ వంతెన దగ్గర పొగమంచు, ఏ ఊరి కుక్కలు చక్రాలకు అడ్డం వస్తాయి. రోడ్డు మీద నుంచి మనుషుల మీదికి మాట మళ్ళేది. నేను చెబుతున్నానని నాకే ఆశ్చర్యంగా ఉండేది. పెట్టెకు ముఖం లేదు కాబట్టి సిగ్గు వేసేది కాదు.

అంకె మాత్రం దిగలేదు. పట్ట కింద లారీ టైర్లలో గాలి దిగింది.

"ఇంగ అమ్మేద్దామా అన్నా?" అన్నాడు ఖాదరు ఒకరోజు. అడిగేసి, అడగనట్టు రోడ్డు వైపు చూశాడు.

ఒక మధ్యాహ్నం ప్రసూనమ్మ కారు మా ఇంటి ముందు ఆగింది. ముఖం వాడిపోయి ఉంది. రైతులకు, కుట్టుపని చేసేవాళ్ళకు పెట్టె సరిగ్గానే చెబుతోందట. బండ్లు తోలేవాళ్ళకు మాత్రం, మా జిల్లాలో దాదాపు అందరికీ, అంకె పైనే ఉందట.

"డ్రైవర్ల మెదడులోనే ఏదో ఉందని పైవాళ్ళు అంటున్నారు. రాత్రుళ్ళు మేలుకోవడం వల్ల అయి ఉంటుందంటున్నారు. అదే నిజమైతే మూర్ఛ వచ్చిన ఏ డ్రైవరుకూ ఇంక బండి ఇవ్వరు. అందుకే ఒక్కొక్కరి ఇంటికి వచ్చి చూస్తున్నాను" అంది.

చెంగమ్మ ఆమెకు రాగిసంగటి, పప్పుచారు పెట్టింది. వద్దు వద్దంటూనే రెండు ముద్దలు తింది. నన్ను ఏవేవో అడిగింది. ఊ అన్నాను, ఆ అన్నాను. ఏమీ తేలలేదు. సంచి భుజానికి వేసుకుని లేచింది.

చెంగమ్మ గడప దాకా వెళ్ళి, "దూరమా తల్లీ?" అంది.

"లేదమ్మా, దగ్గరే. పుంగనూరులో ఇంకొకాయన ఉన్నారు."

"మంచిది, పోయిరా."

ప్రసూనమ్మ రెండు మెట్లు దిగింది. ఆగింది. వెనక్కి తిరిగింది.

"మీరు నన్ను ఎక్కడికి అని అడగలేదేం?"

చెంగమ్మ బుగ్గలు నొక్కుకుంది. "శివశివా! బయలుదేరిన మనిషిని యాడికి అని ఎవురైనా అడుగుతారా? పోయే పని ఆగిపోదా? లారీవోళ్ళైతే ఇంకా ఎక్కువ తల్లీ. చక్రం తిరిగే దాకా ఊరి పేరు నోట్లోంచి రానీరు. ఎవురన్నా తెలీక అడిగినారంటే ఇంట్లోకొచ్చి, నీళ్ళు తాగి, కాసేపు కూచుని మళ్ళా బయలుదేరతారు."

ప్రసూనమ్మ మెట్టు మీదే కూర్చుండిపోయింది.

"మా అమ్మమ్మ కూడా అంతే. మా తాత చెప్పులు వేసుకుంటే ఎవరూ నోరు తెరవకూడదు. దూరమా అనే అడగాలి" అంది. తల పట్టుకుని నవ్వుతోంది. నవ్వుతున్న కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. "పలకరింపుగా ఉంటుందని ఆ ప్రశ్న పెట్టింది నేనే. ఆ పెట్టె రోజూ పొద్దునే మీ అందరినీ ఎక్కడికి అని అడుగుతోంది. మీరు ఆగిపోతున్నారు. ఆ ఆగడాన్ని అది జబ్బు అనుకుంటోంది."

"అదే అనుకుంటిమి. ఈయప్ప రోజూ నీళ్ళు తాగొచ్చి కూచునేది అందుకే" అంది చెంగమ్మ.

"మరి నాకు చెప్పలేదేమమ్మా?"

"చదువుకున్న బిడ్డవు పెట్టినావు. తెలిసే పెట్టింటావులే అనుకుంటిమి."

నా వైపు చూసింది ప్రసూనమ్మ. "మీరైనా చెప్పచ్చు కదండీ."

నేనేం చెప్పను? నన్ను ఎవరూ అడగలేదు.

వారం తిరగకుండానే ఆ గొంతు మాట మార్చుకుంది. "నమస్కారం. రాత్రి ఏం తిన్నారు?" అనడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పనివాడు మా జిల్లాలో లేడు. నా అంకె రోజురోజుకూ దిగి ఒకటి దగ్గర నిలిచింది. దీపం పచ్చగా వెలిగింది. లారీ తోలవచ్చని కాగితాలు వచ్చాయి. ఖాదరు పట్ట తీసి లారీని కడిగిన తీరు చూస్తే పెళ్ళికూతురికి కూడా ఎవరూ అట్లా తలంటు పోసి ఉండరు.

నాలుగైదు నెలలు హాయిగా గడిచాయి. రోజు విడిచి రోజు లోడు. ఇంట్లో ఉన్న రోజు అరుగు మీద, దారిలో ఉన్న రోజు క్యాబినులో పెట్టెతో మాట్లాడేవాణ్ణి. పచ్చ దీపం చూసి ఖాదరు "జై" అనేవాడు. నాకు ఇంకేమీ అక్కర లేకపోయింది.

శ్రావణమాసంలో ఒక పొద్దు. టమోటా ధర చెట్టెక్కి కూర్చుంది. యార్డులో ముందు రోజే లోడు వేసి, తాళ్ళు బిగించి, బండి ఇంటి ముందు పెట్టాం. ఖాదరు క్యాబినులో కూర్చుని ఊదుబత్తి వెలిగిస్తున్నాడు. నేను అరుగు మీద పెట్టెతో మాట్లాడాను. ఒంట్లో బాగుంది. రాత్రి బాగా నిద్ర పట్టింది. మాత్ర వేసుకున్నాను.

ఎర్ర దీపం వెలిగింది.

మళ్ళీ లారీ ఎక్కినప్పటి నుంచి ఒక్కసారీ వెలగలేదు. పెట్టెను తుడిచి చూశాను. ఎర్రగానే ఉంది.

ఖాదరు దిగి వచ్చాడు. "అడగరాని మాటేమన్నా అడిగిందా?"

"లేదు. రాత్రి ఏం తిన్నావనే అడిగింది."

"ఏం తినింటివి?"

"సంగటి."

"సంగటికి ఎర్ర దీపమా?" పెట్టె వైపు కోపంగా చూశాడు. "అన్నా, ఇది నీ మీద ముందొక తూరి అబద్ధం చెప్పింది. నెలల తరబడి చెప్పింది. నా నడుము విరగ్గొట్టింది. ఈ పొద్దు నువ్వు రాయిలాగా ఉండావు. నేను చూస్తా ఉండా గదా. పోదాం రా. ఎండ ముదిరితే కాయ ఉడికిపోతాది."

వాడు చెప్పిందాంట్లో తప్పు లేదు. ఒకసారి లేని జబ్బు నాకు అంటగట్టిన పెట్టె అది. దాని మాట ఎందుకు వినాలి? పైగా పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. కండువా తలకు చుట్టుకున్నాను. తాళం చెవి తీసుకున్నాను.

చెంగమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతికి పిండి ఉంది.

"పలమనేరు వాన రెండు తూర్లు చెప్తివి" అంది.

"ఏం వాన?"

"పట్ట చిరిగిన వాన. ఇప్పుడే గదా పెట్టెకి చెప్తివి. పట్ట చిరిగింది, కాయంతా తడిసింది, చీర కట్టి కప్పినాము అంటివి. అయిపోయింది. ఊపిరి పీల్చుకుని మళ్ళా మొదలుపెడితివి. అదే వాన, అదే పట్ట, అదే చీర. ఒక మాట తేడా లేదు."

"ఒకసారే చెప్పాను."

"రెండు తూర్లు."

నాకు ఒకసారి చెప్పింది కూడా సరిగ్గా గుర్తు రాలేదు. వాన గుర్తుంది. చెప్పడం గుర్తు లేదు. అరుగు స్తంభం పట్టుకున్నాను.

"నువ్వు వింటా ఉండావా?" అన్నాను.

"పెండ్లయినప్పటి నుంచి నోరు తెరవనోడు రోజూ పొద్దున్నే కతలు చెప్తా ఉంటే, చెవులు మూసుకుని పప్పు రుబ్బుకుంటాననుకుంటివా?" అంది.

యంత్రం చెబితే నమ్మలేదు. ఆమె అబద్ధం చెప్పదు. ఆ సంగతి నాకు ఏ అంకె అక్కర లేకుండానే తెలుసు.

తాళం చెవి ఖాదరు చేతిలో పెట్టాను. "యార్డులో నరసింహులు ఖాళీగా ఉన్నాడు. తోలుకుని పొమ్మను. నువ్వు కూడా పో" అన్నాను.

ఖాదరు నన్ను, చెంగమ్మను మార్చి మార్చి చూశాడు. "ఏమీ రాకుంటే?" అన్నాడు.

"రాకపోతే మంచిదే కదా."

"రాకుంటే ఈ పొద్దు ఊరికే ఆగినామో, ఆగి మంచి పని చేసినామో ఎట్ల తెలుస్తాది అన్నా?"

నేను తలకు చుట్టిన కండువా విప్పి భుజాన వేసుకున్నాను. వాడు వెళ్ళి నరసింహుల్ని పిలుచుకొచ్చాడు. నా లారీ ఇంకొకరి చేతి కింద గేరు మారుస్తూ మలుపు తిరగడం చూశాను. గేరు కాస్త ముందుగా వేశాడు.

అరుగు మీద కూర్చుని చెంగమ్మతో పాటు వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉన్నాను. ఎండ అరుగు చివర దాకా వచ్చింది. అంతవరకే గుర్తు.

కళ్ళు తెరిచేసరికి పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉన్నాను. తల కింద ఆమె ఒడి. చుట్టూ వేరుశనక్కాయలు. ప్రసూనమ్మ నేర్పినట్టే నన్ను పక్కకు తిప్పి, చేతిలో ఏదీ పెట్టకుండా, నోట్లో ఏదీ పోయకుండా కూర్చుంది. మూతి తుడుస్తోంది.

ఏడవడం లేదు. ఎండ వైపు చూసి వేళ అంచనా కడుతోంది. నేనూ కట్టాను. ఆ వేళకు లారీ మొగిలి ఘాటు దిగుతూ ఉంటుంది. కింద రోడ్డు పక్కన చెరుకురసం బండ్లు వరసగా ఉంటాయి. పిల్లల్ని చంకన వేసుకుని జనం నిలబడి తాగుతూ ఉంటారు. ఎన్నోసార్లు నేనూ ఆగి తాగాను.

"పోయింటే?" అంది చెంగమ్మ.

"పోలేదు కదా" అన్నాను. నాలుక మందంగా ఉంది.

సాయంత్రం ఖాదరు ఫోను చేశాడు. సంగతి చెప్పాను. "కాయ మంచి ధరకు పోయిందన్నా" అన్నాడు.

ఆ తరువాత నేను లారీ ఎక్కలేదు. ఎక్కకూడదు కూడా. అంకె రెండు దాటి పైకి పోయింది. మాత్ర మార్చారు. లారీ నాదే, తోలేది నరసింహులు. ఖాదరు క్లీనరుగానే ఉన్నాడు. నరసింహులు వాగుడుకాయ. మద్రాసు దాకా నోరు మూయడట. "చెవులు చిల్లులు పడినాయి. నీ పక్కన కూచుంటే గుళ్ళో కూచున్నట్టు ఉండె" అంటాడు ఖాదరు. అంటూనే వాడు చెప్పిన జోకులన్నీ మాకు చెప్పి నవ్వుతాడు.

కొన్నాళ్ళకు పెట్టెను తీసుకుపోవడానికి ప్రసూనమ్మ వచ్చింది. బండి తోలని మనిషికి పెట్టె అక్కర లేదు. దాని కోసం వేరే ఊళ్ళో ఒక బస్సు డ్రైవరు ఎదురు చూస్తున్నాడు.

"ఎర్ర దీపం చూసి ఎంతమంది ఆగుతారో మాకు తెలియదు. ఒకాయన ఆగలేదు" అంది. ఆ పైన చెప్పలేదు, మేమూ అడగలేదు. "మీరెందుకు ఆగారు?"

నేను చెంగమ్మ వైపు చూపించాను.

ప్రసూనమ్మ చాలాసేపు ఆమెనే అడిగి తెలుసుకుంది. ఆ వాన సంగతి, రెండుసార్లు చెప్పిన సంగతి. ఇక మీదట పెట్టె ఇచ్చే ప్రతి ఇంట్లో ఒకరిని పక్కన కూర్చుని వినమంటానని చెప్పింది. పెట్టెను గుడ్డలో చుట్టుకుని కారులో పెట్టుకుంది. మేమిద్దరం గడపలో నిలబడి చూశాం.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. ఎదురుగా ఏమీ లేదు. మాట్లాడక్కర లేదు. ఇన్నాళ్ళకు తెరిపి దొరికిందనుకోవాలి. చేతులు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

చెంగమ్మ టీ తెచ్చి ఇచ్చింది. రోజూ ఇచ్చి లోపలికి పోయేది. ఆ రోజు పోలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎదురుగా కూర్చుంది.

"మొన్న ఆ తిరుత్తణి ఆయమ్మ సంగతి సగంలో నిలిపేస్తివి" అంది. "మేకపిల్ల తప్పిపోయిందని లారీకి అడ్డం నిలబడిన ఆయమ్మ. పెట్టెకి చాలింది గానీ నాకు చాలలేదు. రెండు రోజుల నుంచి అదే మనసులో ఉండాది. దొరికిందా, లేదా?"

"దొరికింది" అన్నాను.

"ఏమయ్యా, అంతేనా? యాడ దొరికింది? ఎవురు పట్టుకొచ్చిరి? ఆయమ్మ ఏమనింది?"

టీ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాను. ఆమె ముఖం వైపు చూస్తే మొదట కాస్త సిగ్గు వేసింది.

"ఆ రోజు తిరుత్తణి దాటేసరికి ఇంకా పొద్దు ఉంది" అని మొదలుపెట్టాను.